మాటామంతీ: తిన్నావా, చదివావా... ఆ తర్వాత?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ భోజనాల బల్ల మీద పరిచి, వయసుల వారీగా పేర్చాను. లెక్కల టీచరు బుద్ధి, ఎక్కడికి పోతుంది! ఒక చివర అయిదేళ్ళ పిల్ల. ఇంకో చివర డెబ్బై తొమ్మిదేళ్ళ పెద్దాయన. మధ్యలో ఇంటర్ కుర్రాడు, ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి, డల్లాస్‌లో కాపురమున్న కొడుకు. అందరిదీ ఒకటే గోడు, "మా ఇంట్లో మాటల్లేవండీ" అని.

మాటలు లేకపోవడమేం, బోలెడున్నాయి. కాకపోతే అన్నీ ప్రశ్నలే. పశ్చిమ గోదావరి జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై మూడేళ్ళు ప్రశ్నపత్రాలు రాసినదాన్ని. పరీక్ష ప్రశ్నంటే ఏమిటో నాకు తెలుసు: అడిగేవాళ్ళకి జవాబు ముందే తెలిసి, ఎదుటివాళ్ళకి తెలుసో లేదో చూడ్డానికి అడిగేది. ఇంట్లో పిల్లల్ని మనం అడిగేవాటిలో ముప్పాతిక మువ్వీసం ఆ బాపతే. పెద్దయ్యాక వాళ్ళు మనల్ని అడిగేవీ అంతే, "మాత్ర వేసుకున్నావా?" అంటూ.

పెద్ద ఉత్తరంతో మొదలుపెడతాను.

*

"టీచరుగారికి నమస్కారాలు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా వాడు విజయవాడలో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. 'తిన్నావా నాన్నా, చదువుతున్నావా, వీక్లీ టెస్టు ఎలా రాశావు' అంటే 'ఊఁ, ఆఁ, బానే' అంటాడు. ఈయన ఫోన్ లాక్కుని 'ర్యాంకెంతరా' అంటారు. దసరా సెలవులకొచ్చి నాలుగు రోజులూ నిద్రపోయాడు. మొన్న ఆదివారం అసలు ఫోన్ దగ్గరికే రాలేదు, తలనొప్పని వాళ్ళ ఫ్రెండుతో చెప్పించాడు. టెన్త్ దాకా నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లాడండీ. మేమేం తప్పు చేశాం?"
– ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, ముందు నిద్ర సంగతి చెప్పి మీ మనసులో ఒక బరువు దించుతాను. ఆ వయసు పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పైగా పదమూడు, పద్నాలుగు దాటాక ఒంట్లో గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. రాత్రి తొందరగా నిద్ర పట్టదు, తెల్లారి తొందరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు, ఎదుగుదల. హాస్టల్లో అయిదింటికి గంట కొట్టి లేపితే ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? దసరాకి వాడు పడుకున్నది మీ మీద అలిగి కాదు, నెలల తరబడి ఉన్న నిద్ర బాకీ తీర్చుకున్నాడు. "వచ్చిన నాలుగు రోజులూ పడుకునే ఉన్నాడు" అని చుట్టాల ముందు అనకండి. "ఇంటికొస్తే హాయిగా నిద్రపట్టిందిరా నీకు" అనండి, చాలు.

ఇక ఆ పది నిమిషాలు. మీ ఉత్తరంలో మీరిద్దరూ కలిపి నాలుగు ప్రశ్నలడిగారు. తిన్నావా? హాస్టల్లో పెట్టింది తినక ఏం చేస్తాడు. చదువుతున్నావా? లేదని చెప్పే ధైర్యం ఏ పిల్లాడికుంటుంది. టెస్టు, ర్యాంకు? ఆ మెసేజి వాడికన్నా ముందు మీ ఆయన ఫోన్‌కే వచ్చి ఉంటుంది. అంటే నాలుగూ పరీక్ష ప్రశ్నలే. వారంలో ఆరు రోజులు పరీక్షలు రాసి, ఏడో రోజు అమ్మానాన్నల దగ్గర వైవా. తలనొప్పి రాక ఏమొస్తుంది?

నేను పెద్ద నీతిమంతురాలినేం కాదు. 1999లో మా పెద్దాడూ విజయవాడ దగ్గర హాస్టల్లోనే ఉన్నాడు. తణుకులో మా వీధి చివర ఎస్టీడీ బూత్. అద్దం డబ్బాలో నిలబడి, ఎదురుగా పరిగెత్తే ఎర్రంకెలు చూస్తూ మాట్లాడేదాన్ని. రూపాయిలు పరిగెత్తుతుంటే నోట్లోంచి గబగబా వచ్చేవి ఆ ప్రశ్నలే. వాడు "బానే" అనేవాడు, నేను "సరే పెట్టేస్తున్నా" అనేదాన్ని. ఒక ఆదివారం ఏమీ తోచక, "మన వీధి కుక్క ఆరు పిల్లల్ని పెట్టిందిరా, మన మెట్ల కింద కాపురం పెట్టేసింది, మీ నాన్న దానికి గోనెపట్టా పరిచారు" అన్నాను. "నాన్నా? కుక్కకా?" అన్నాడు. మొదలెట్టాడు చూడండి! ఏ రంగు, ఎన్ని మగవి, కళ్ళు తెరిచాయా, తెల్లదాన్ని ఎవరికీ ఇవ్వొద్దు అని. ఎర్రంకెలు చూడ్డం మర్చిపోయాను. కుక్కపిల్లల మధ్యలో ఉన్నట్టుండి, "అమ్మా, నాకు ఫిజిక్స్ అస్సలు అర్థం కావట్లేదే" అన్నాడు.

అప్పుడైనా నోరు మూసుకున్నానా? లేదు. "ముందే ఎందుకు చెప్పలేదురా" అన్నాను. మళ్ళీ మూడు వారాలు "బానే".

అందుకని చెప్తున్నాను. వచ్చే ఆదివారం మీరేమీ అడక్కండి. మీ కబుర్లు చెప్పండి. మిరపతోటలో ఏమైంది, పక్కింటివాళ్ళతో గట్టు తగాదా ఎక్కడిదాకా వచ్చింది, నాయనమ్మ టీవీ సీరియల్లో విలన్ని ఏమని తిట్టింది. మరీ మంచి కబుర్లే ఏరుకోకండి, మీకు విసుగొచ్చిన సంగతీ ఒకటి చెప్పండి. పెద్దవాళ్ళకీ రోజులు బాగుండవని తెలిస్తే, బాగుండని తన రోజు గురించి చెప్పడానికి వాడికి దారి దొరుకుతుంది. అడగాలని మరీ నోరు దురద పెడితే, మీకు నిజంగా జవాబు తెలియనిది అడగండి. "నీ పక్క మంచమబ్బాయి గురక పెడతాడన్నావు, తగ్గాడా?" అని. మీ ఆయన్ని ఒక్క నెల రోజులు ర్యాంకు మాట నోట రానివ్వొద్దనండి. నెల తర్వాత కావాలంటే ఆ అంకెలు నాకు పంపమనండి, నేను చూసి పెడతాను.

వాడు ఏదైనా చెప్తే? "అయ్యో, అవునా, తర్వాతేమైంది" ఈ మూడు మాటలు చాలు. ఉపాయం వెంటనే చెప్పకూడదు. ఇది రాయడం తేలిక, చెయ్యడం కష్టం. నా మీద నేనే ఇరవై ఏళ్ళు సాధన చేశాను, ఇప్పటికీ సగం మార్కులే.

ఇప్పుడు అసలు మాట. ఫోన్ దగ్గరికి రాకపోవడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రేపో ఎల్లుండో బస్సెక్కండి. ఆదివారం దాకా ఆగొద్దు. ముందు ఫోన్ చేసి, "నిన్ను చూడబుద్ధేసి వస్తున్నాం, ఇంకేం లేదు" అని చెప్పించండి, లేకపోతే కంప్లయింట్ వెళ్ళిందేమోనని హడలిపోతాడు. గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడకుండా, అనుమతి తీసుకుని బయట ఏదైనా టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళండి. తింటున్నాడా, చిక్కాడా, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటో చూస్తున్నాడా గమనించండి. తనకిష్టమైన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నాడా? "నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది" లాంటి మాట నవ్వుతూ అయినా అన్నాడా? అలా ఉంటే సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" ఆ మాట నోటితో అనడానికే మనకి గుండె జారుతుంది, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి రావడానికి తలుపు తీసినట్టవుతుంది. అవునంటే వాణ్ణి ఒక్క క్షణం ఒంటరిగా వదలకుండా వెంట తీసుకొచ్చేసి, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక సహాయ కేంద్రంలో ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చులేదు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఆ నంబరు మీరూ ఫోన్‌లో పెట్టుకోండి, వాడికీ ఇవ్వండి.

వచ్చేటప్పుడు ఒక్క మాట మీ ఆయన నోటితో అనిపించండి. మీరు కాదు, ఆయన. "పరీక్ష పోతే మేలో సప్లిమెంటరీ ఉంది. ర్యాంకు రాకపోతే డిగ్రీ ఉంది. అవేవీ వద్దనుకుంటే ఇల్లుంది. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా వచ్చి తీసుకుపోతాను." ఫలితాలొచ్చి ఏడుస్తుంటే ఓదార్చడానికి వాడే మాట కాదిది. పరీక్షకి ముందు, ఫీజు రసీదు జేబులో ఉండగానే చెప్పాలి. కళ్ళు తుడుస్తూ చెబితే బిడ్డకి అది జాలిగా వినబడుతుంది.

ఫీజు ఎంతో వాడికి తెలుసా? తెలిసే ఉంటుంది. తెలియకుండా మనం ఉంచుతామా!

*

"మా పాప అయిదేళ్ళకే అబద్ధాలు నేర్చింది. పాలు ఒలకబోసింది నేను కళ్ళారా చూసి, 'ఎవరు పోశారు?' అని అడిగితే 'బొమ్మ' అంది. ఇప్పుడే మానిపించకపోతే ఎలా? మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటోంది మా అత్తగారు."
– మియాపూర్ నుంచి ఒకమ్మాయి

నువ్వు చూశావు కదమ్మా, మరి అడగడమెందుకు? ఆ ప్రశ్నలో పాపకి వినబడ్డది "ఎవరు" అన్నది కాదు, నీ గొంతు. నిజం చెబితే తిట్లని తెలుసు, బొమ్మని చెబితే తప్పించుకోవచ్చేమో చూద్దామనుకుంది. అయిదేళ్ళప్పుడు ఈ అబద్ధాలు మామూలే. ఎదుటివాళ్ళ తలలో ఒక ఆలోచన ఉంటుందని, దాన్ని మార్చొచ్చని అప్పుడప్పుడే తెలిసొచ్చే వయసు. దొంగబుద్ధి కాదు, తెలివి మొలకెత్తుతోంది.

ఈసారి "పాలు ఒలికాయి, గుడ్డ తెచ్చుకో, ఇద్దరం తుడుద్దాం" అను. అంతే. తుడిచాక "గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి" అని చెప్పు. ఉలిక్కిపడి నిజం చెప్పిన రోజు మాత్రం, కోపం ఎంతున్నా, ముందు "చెప్పావు, మంచిపని" అనాలి. నిజానికి ధర చెల్లించాల్సొస్తే ఎవరు కొంటారు?

మీ అత్తగారి సామెత నిజమే. అయితే మొక్కని వంచేవాళ్ళు రోజూ నీళ్ళు పోస్తారు కూడా. (ఇది నేనన్నానని ఆవిడకి చెప్పకు. ఇంట్లో నీకు ఆవిడ అవసరం ఉంటుంది.)

*

"మాది అనకాపల్లి. నాన్నకి బెల్లం వ్యాపారం. కొట్లో కూర్చోనని చెప్పి పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. రెండేళ్ళయింది, నాన్న నాతో నేరుగా మాట్లాడరు. నేను రెండడుగుల దూరంలో అన్నం తింటుంటే 'వాడితో చెప్పు, రేపు కరెంటు బిల్లు కట్టమని' అంటారు అమ్మతో. నేనూ 'కట్టేశానని చెప్పమ్మా' అంటాను. మాట కలపాలని ఉంది. ఎలా మొదలెట్టాలో తెలీదు."
– వయసు 24, అనకాపల్లి

నాయనా, నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కాసేపు ఊరుకున్నాను. మా నాన్న గేదెతో మాట్లాడేవారు. పొద్దున్నే పాలు తీస్తూ, "ఇవాళ పరీక్ష ఉన్నవాళ్ళు ఇంకా లేవలేదే లక్ష్మీ" అనేవారు. లక్ష్మి మా గేదె. మేం దుప్పట్లోంచి వినేవాళ్ళం. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆ కబురు ముందు లక్ష్మికే చెప్పారు. మీ ఇంట్లో అమ్మగారిది ఆ గేదె ఉద్యోగం, చెప్పడానికి బాగాలేదు గానీ.

ముందు ఆవిడ చేత ఆ ఉద్యోగానికి రాజీనామా చేయించు. "మీరే చెప్పుకోండి, నాకు పొయ్యి మీద కూరుంది" అని లేచి వెళ్ళిపోమను. నాలుగు రోజులు ఇల్లు మూగబోతుంది, పోనీ. మధ్యలో మనిషి ఉన్నంతకాలం ఎవరి పంతం వాళ్ళకి ఖర్చులేకుండా సాగుతుంది. ఆ ఖర్చంతా అమ్మ మీద పడుతోందని మీ ఇద్దరిలో ఎవరికైనా తట్టిందా?

మొదటి మాట నువ్వే అను. క్షమాపణ అక్కర్లేదు, నువ్వు తప్పేం చెయ్యలేదు. నీ ఉద్యోగం గురించీ కాదు. ఆయనకి తెలిసి, నీకు తెలియనిది అడుగు. నువ్వు ల్యాబ్‌లో పనిచేస్తావు గనక హైడ్రోస్ అంటే ఏమిటో నీకు తెలుసు, సోడియం హైడ్రోసల్ఫైటు. బెల్లం పసుపు రంగు తేలి నిగనిగలాడాలని పానకంలో అది కలిపేవాళ్ళున్నారని మీ నాన్నకి నీకన్నా బాగా తెలుసు. కొట్టుకెళ్ళి, ఒక దిమ్మ చేతిలోకి తీసుకుని, "నాన్నా, హైడ్రోస్ వెయ్యని బెల్లం చూస్తే ఎలా పోల్చుకుంటారు?" అని అడుగు. ముప్పై ఏళ్ళు మార్కెట్ యార్డులో వేలం పాడిన మనిషి ఆ ప్రశ్నకి అమ్మ కోసం వెతకడు. రంగు చెబుతాడు, వేలితో నొక్కి చూపిస్తాడు, కాస్త విరిచి నీ నోట్లో పెడతాడు కూడానేమో. "మా ల్యాబ్‌లో అయితే ఇలా పరీక్ష చేస్తాం" అని నువ్వు చెప్పడం రెండో రోజుకి వాయిదా వెయ్యి. మొదటి రోజే చెబితే పోటీ అయిపోతుంది.

మొహామొహాలు చూసుకుంటూ "నాన్నా, మీతో మాట్లాడాలి" అని మాత్రం కూర్చోబెట్టకు. మన నాన్నల తరానికి అది పంచాయితీలా ఉంటుంది. పక్కపక్కన నిలబడి, చేతుల్లో ఏదో పని ఉండగా అయితే మాట్లాడతారు. బస్తాలు ఎత్తించు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని యలమంచిలి తీసుకెళ్ళు.

"లాలయేత్ పంచ వర్షాణి" శ్లోకం మీ నాన్నకి తెలిసే ఉంటుంది. అయిదేళ్ళు లాలించమని, తర్వాత పదేళ్ళు దండించమని. అక్కడి దాకా అందరికీ కంఠతా వచ్చు. (ఆ దండించడం నాకు సమ్మతం కాదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల మీద చెయ్యెత్తడాన్ని నిషేధించింది. అంతకుముందు నేనూ బెత్తం పట్టాను, తల్చుకుంటే సిగ్గేస్తుంది.) ఆఖరి పాదం ఒకటుంది, పదహారో ఏడు వచ్చాక కొడుకుని స్నేహితుడిలా చూడమని. నీకిప్పుడు 24. ఎనిమిదేళ్ళు ఆలస్యం, వడ్డీ వదిలేద్దాం.

*

"నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కాకినాడ. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆగస్టులో నాకు గుండెలో ఒక స్టెంటు వేశారు. అంత దూరంలో ఉన్నవాడు కంగారు పడతాడని, వైరల్ జ్వరమని చెప్పాం. మా బావమరిది కొడుకు ఫ్యామిలీ గ్రూపులో 'మామయ్యా త్వరగా కోలుకోవాలి' అని పెట్టేసరికి తెలిసిపోయింది. 'నాకు చెప్పడానికి నేనెవర్నిలెండి' అని ఒక్క మెసేజి పెట్టాడు. అయిదు వారాలుగా ఫోన్ లేదు. మంచికే కదా దాచాం?"
– ఒక తండ్రి, కాకినాడ

మంచికే దాచారు. ఎవరి మంచికి అన్నదే ప్రశ్న. వాడు కంగారు పడటం మీరు చూడలేరు గనక దాచారు. నేనైతే అంత సుఖంగా దాచగలిగేదాన్ని కాదు, ఏడ్చి చెప్పేసేదాన్ని. మనుషులు ఒక్కోరకం.

కోపంలో వాడు రాసిన మాట మళ్ళీ చదవండి. "ఎందుకు చెప్పలేదు" అనలేదు, "నేనెవర్ని" అన్నాడు. ఆపరేషన్ సంగతి బావమరిది కొడుక్కి తెలిసి, కన్నకొడుక్కి తెలియకపోతే వరసల్లో తన చోటెక్కడని అడుగుతున్నాడు. కాబట్టి "నీ మంచికేరా" అని మళ్ళీ అనకండి, పుండు మీద కారం. ఇవాళే వాయిస్ మెసేజి పెట్టండి. టైపు చేస్తే మీరు బ్యాంకు లెటర్ రాసినట్టు రాస్తారు, రిటైరైన నా స్నేహితులందరూ అంతే. "నీకు చెప్పకపోవడం తప్పయింది. నువ్వు అక్కణ్నుంచి ఏం చెయ్యగలవులే అనుకున్నాను. అలా అనుకోవడమే తప్పు." ఇంతే. సంజాయిషీ వద్దు.

ఆ తర్వాత వాడికి నిజంగా ఒక పని అప్పగించండి. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ, యాంజియోగ్రాం రిపోర్టు ఫొటోలు తీసి పంపండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పట్టిక వెయ్యమనండి. స్టెంటు వేశాక రక్తం పలచన చేసే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్క రోజూ ఆపకూడదు. అది కనిపెట్టుకుని ఉండే పని డల్లాస్ నుంచీ చెయ్యొచ్చు. దూరంలో ఉన్న పిల్లల్ని ఎక్కువ కుంగదీసేది కబురు కాదు, చేతులు కట్టేసినట్టుండటం.

ఇంకో సంగతి మీరు ఊహించారో లేదో. మనం దాస్తే వాళ్ళూ దాస్తారు. హెచ్‌ వన్ బీ అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, సాధారణంగా 60 రోజుల్లోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అలాంటి రెండు నెలల్లో కూడా ఆదివారం వీడియోలో నవ్వుతూ "అంతా ఓకే నాన్నా" అన్న పిల్లలు నాకు తెలుసు, మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇటు జ్వరం, అటు ఓకే. ఫోన్లో రెండు అబద్ధాలు క్షేమ సమాచారాలు చెప్పుకుంటున్నాయి. ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆ రోజే తెలియాలి, తెలిపినందుకు ఎవరూ విమానం ఎక్కాల్సిన పని లేదు, అడిగితేనే రావాలి. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం నిలవదు.

మీరు ఉత్తరం చివర్లో, "నవంబరు నుంచి మరీ పొద్దున్నే లేపుతున్నారని విసుక్కునేవాడు" అని కూడా రాశారు. అది విసుగు కాదండీ, లెక్క. అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మీరు రాత్రి ఎనిమిదింటికి చేస్తే అప్పటిదాకా వాళ్ళకి తొమ్మిదిన్నర. నవంబరు నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఎనిమిదిన్నర. సెలవు పూట, చిన్నపిల్లలున్న ఇల్లు. ఒక గంట ఆగి చెయ్యండి.

*

"మాది కరీంనగర్. నాకు 51 ఏళ్ళు, నేనూ టీచర్‌నే. మా బాపుకు 79. అమ్మ పోయినంక నా దగ్గర్నే ఉంటున్నడు. చెవులు సరిగ వినపడవు. అరిచి చెప్తే 'ఎందుకు మొత్తుకుంటవు, నేనేమన్న చెవిటోన్నా' అంటడు. మెల్లగ చెప్తే వినపడదు. మొన్న నేను మా తమ్మునితో బ్యాంకు పాసుబుక్కు గురించి మాట్లాడుతుంటే, 'నా భూమి మీద ఏం ముచ్చట పెడుతున్రు?' అని లేచిండు. రెండు దినాలు అన్నం ముట్టలేదు. ఇంత చేస్తే మామీద అనుమానమా?"
– కరీంనగర్ నుంచి ఒక బిడ్డ

అమ్మా, బాపుది అనుమానం అని రాశారు. నాకు అది సగం వినబడ్డ మాటలా ఉంది. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనీ సమానంగా తగ్గించదు, సన్నటి శబ్దాల్ని ముందు మింగేస్తుంది. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు లావుగా వినబడుతూనే ఉంటాయి. స, శ, త, క లాంటివి జారిపోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. అందుకే "చెవిటోన్నా" అని అడుగుతున్నాడు, ఆయన లెక్కన ఆయనకి వినబడుతోంది మరి! అరిస్తే ఆ లావు శబ్దాలే ఇంకా లావెక్కుతాయి, జారిపోయినవి మాత్రం తిరిగిరావు. పైగా అరిచే మొహం కోపంగా కనబడుతుంది. "బ్యాంకు" ఆయన దాకా రాలేదు, "పాసుబుక్కు" ఒకటి వచ్చింది. రైతు చెవికి పాసుబుక్కంటే ఒకటే. ఖాళీలు భయంతో పూరించుకున్నాడు. మీరూ నేనూ అయినా అంతే.

ఇంట్లో ఇవాళ్టి నుంచి: కుక్కర్ కూస్తుండగా, టీవీ మోగుతుండగా ఏమీ చెప్పొద్దు. ఎదురుగా కూర్చుని, వెలుతురు మీ మొహం మీద పడేట్టు చూసుకుని, "బాపూ" అని చెయ్యి తాకి, ఆయన చూశాక మాట మొదలుపెట్టండి. గొంతు పెంచకుండా, తగ్గు స్థాయిలో నిదానంగా. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ అనకుండా ఇంకో మాటలో చెప్పండి. ఆయన "ఏంది?" అన్నప్పుడు "ఏం లేదులే బాపు" అని మాత్రం ఎన్నడూ అనొద్దు. మా అమ్మకి ఆఖరి ఆరేళ్ళు మేమందరం ఆ మాటే చెప్పాం. పోయే ముందు సంవత్సరం అడగడమే మానేసింది, మేం సుఖపడ్డామనుకున్నాం.

ఈ వారంలో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. గుబిలి గడ్డకట్టి ఉంటే తీయించడంతోనే సగం తేడా తెలుస్తుంది. తర్వాత ఏ చెవికి ఎంత వినబడుతోందో కొలిచే ఆడియోగ్రాం తీస్తారు. వినికిడి మిషను పెట్టమంటే, మొదటి రోజే "బాగా వినపడుతోందా" అని పరీక్ష పెట్టకండి. కొన్నేళ్ళుగా వినని చప్పుళ్ళన్నీ ఒక్కసారి మీద పడతాయి, గిన్నెల మోతకే చిరాకొస్తుంది. నిశ్శబ్దంగా ఉండే వేళ రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. అలవాటు పడటానికి వారాలు పడుతుంది. సొరుగులో పడి ఉన్న వినికిడి మిషన్లు మన ఊళ్ళలో ఎన్నో, అన్నీ మొదటి పది రోజుల్లో ఓడిపోయినవే. ఒకవేళ ఎప్పుడైనా ఒక్క చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఆలస్యమైతే వినికిడి తిరిగిరాకపోవచ్చు.

భూమి సంగతి. తమ్ముణ్ణి పిలిపించి, బ్యాంకు పుస్తకం, భూమి పుస్తకం రెండూ బాపు ముందర పెట్టండి. "ఇది నా జీతంది, ఇది నీ భూమిది" అని ఆయన చేతికివ్వండి. చదువుకోనివ్వండి. తర్వాత భూమి పుస్తకం ఆయన పెట్టెలోనే పెట్టి, తాళంచెవి ఆయన మొలతాడుకే కట్టుకోనివ్వండి.

పరీక్ష అయ్యాక ఏ చెవి ఎంత ఉందో నాకు రాయండి. ఆడియోగ్రాం గీత కూడా పంపితే చూస్తాను, గ్రాఫులంటే నాకిష్టం.